క్రియ వచ్చేదాకా గరిటె ఆగాలి

మా బడి పిల్లలు క్రియ లేకుండా అన్నం తింటున్నారన్న సంగతి జిల్లా పెద్దలకి తెలిసేసరికి దసరా సెలవులు వారంలోకి వచ్చాయి. తెలిసిన విధం కూడా చెప్పాలి. ముగ్గురు మనుషులు జీపులో వచ్చి, కొళాయి దగ్గర కంచం కడుక్కుంటున్న పిల్లాణ్ణొకణ్ణి పట్టుకుని, "ఈరోజు ఏం తిన్నావు బాబూ?" అని అడిగారు. వాడు "పప్పు" అన్నాడు. "ఇంకా?" అన్నారు. "గుడ్డు" అన్నాడు. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కర్త లేదు, క్రియ లేదు, ఉన్నవి రెండూ నామవాచకాలే అని రాసుకుని, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయారు.

ఆ బళ్ళో నేను ఇరవై రెండేళ్ళుగా వండుతున్నాను. తుని దగ్గర, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల ఉంటుంది మా ఊరు. పిల్లలు నూట నలభై మంది. నాతో పాటు వరహాలు ఉంటుంది, వరసకి కోడలు. గుడ్లూ నీళ్ళూ తనవి, అన్నం పప్పూ నావి. నూట నలభై మందికీ అరగంటలో పెట్టేసేవాళ్ళం. ఆ విద్య మా అత్తగారిది. పెళ్ళిళ్ళలో ఆవిడ వడ్డిస్తుంటే బంతి లేవడం ఆలస్యమయ్యేది కాదు. "నోటివంక చూడకే గంగరత్నం, చేతివంక చూడు" అనేది. నిజమే కదా, బంతిలో కూర్చున్నవాడి నోట్లో ముద్ద ఉంటుంది, మాట ఎక్కణ్ణించి వస్తుంది? చెయ్యి విస్తరి మీద బోర్లా పరిస్తే చాలని. అరచెయ్యి దొన్నెలా వంచితే పులుసు పొయ్యమని. రెండు వేళ్ళు కలిపి చూపిస్తే కాస్తంత వెయ్యమని. గ్లాసువంక వేలు ఆడిస్తే నీళ్ళు. పెళ్ళికొడుకు తండ్రికైనా, డోలు వాయించేవాడికైనా ఇవే నాలుగు. నేను పెట్టిన పిల్లల్లో కొందరికి ఇప్పుడు పిల్లలున్నారు. ఎవరి పేరైనా మర్చిపోతానేమోగాని ఎవరి చెయ్యి ఎలా వంగేదో మర్చిపోను.

సెలవులయ్యాక కాగితం వచ్చింది. హెడ్మాస్టారు వీరభద్రంగారు వంటశాలలోకి వచ్చి మరీ చదివి వినిపించారు. ఆయన మంచాయన. కాగితాన్ని చూస్తే భయపడే మంచాయన.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మధ్యాహ్న భోజన సమయమున విద్యార్థులు అసంపూర్ణ వాక్యములతో ఆహారమును స్వీకరించుచుండుట మా దృష్టికి వచ్చియున్నది. ఇకమీదట ప్రతి విద్యార్థియు కర్త, కర్మ, క్రియలతో కూడిన సంపూర్ణ వాక్యమును ఉచ్చరించిన పిమ్మటనే వడ్డన జరుపవలెను. వడ్డన ప్రారంభమునకును, విరమణకును కూడ ఈ నియమము వర్తించును. గంట మ్రోగిన పిమ్మట వడ్డన నిషిద్ధము. గుప్తముగా నుండు కర్తలను అనుమతించరాదు."

కింద భాషాభ్యున్నతి ప్రత్యేకాధికారి చిదంబరేశ్వరరావుగారి సంతకం.

"గుప్తంగా ఉండేదెవరు మాస్టారూ?" అని వరహాలు గొంతు తగ్గించి అడిగింది. ఊళ్ళో ఎవరైనా దొంగ తిరుగుతున్నాడేమోనని దాని భయం.

"'మామ్మా, అన్నం పెట్టు' అన్నాడనుకో వరహాలూ. పెట్టేదెవరు? నువ్వో, మామ్మగారో. ఆ 'నువ్వు' అన్న మాట వాడు పైకి అనలేదు. దాక్కుంది."

"అత్త ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడుంటే దాక్కోడమేంటండి?"

"నిలబడినా దాక్కున్నట్టే" అన్నారాయన, కాగితం మడతపెట్టుకుంటూ.

వడ్డించేవాళ్ళకి వ్యాకరణం రాకపోతే ఎలాగని మమ్మల్ని మండలానికి పిలిచి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. చెప్పిన పంతులమ్మ చిన్నపిల్ల, ఓపిగ్గా చెప్పింది. అన్నం నామవాచకం. అన్నం అనడానికి బద్ధకించి అది అంటే సర్వనామం. వేడి అంటే విశేషణం. వండటం క్రియ. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చేస్తున్నది క్రియ అని నాకు ఆ రోజే తెలిసింది. చివరికి అవ్యయం దగ్గరికి వచ్చి, "ఇది ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా, ఒకరికైనా పదిమందికైనా మారదండి. అయ్యో, ఆహా లాంటివి" అంది. ఆ మాట నాకు బాగా పట్టుబడింది. మా అత్తగారు అలాగే ఉండేది, ఎవరొచ్చినా మారేది కాదు.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు వచ్చాయి. ఎవరూ ఎవర్నీ క్రియ అడగలేదు. శిక్షణలో ఉన్నవాళ్ళకి మినహాయింపట.

మా బడికి వాక్య పర్యవేక్షకుడిగా డ్రిల్లు మాస్టారు గవర్రాజుగారిని వేశారు. ఆయన దగ్గర ఈల ముందునుంచీ ఉంది కాబట్టి. వాక్యం తప్పితే ఈల ఊదాలి. ఈల ఊదితే గరిటె ఆగాలి.

మొదటి రోజు మొదటివాడు అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు. ఈల. రెండోవాడు అంతకుముందు రాత్రి తండ్రి దగ్గర నేర్చుకుని వచ్చాడు. "నేను అన్నం తిన్నాను" అన్నాడు.

"తిన్నావు కదా, మరి పో" అన్నారు గవర్రాజుగారు.

మూడోది తెలివైన పిల్ల. "నేను అన్నం తింటాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే మాస్టారూ."

"అది వాక్యంలో లేదు."

నాలుగోవాడు ముగ్గుర్నీ చూసి బాగా ఆలోచించాడు. "నేను అన్నం తింటున్నాను" అన్నాడు. మాస్టారు వాడి ఖాళీ కంచంలోకి వంగి చూసి, "అబద్ధం" అన్నారు.

గంట కొట్టేసరికి నలభై మూడుమంది తిన్నారు. నా డేక్సాలో అన్నం గట్టిపడిపోయింది. ఏ కాలంలో అడిగితే పెట్టాలో తేల్చమని హెడ్మాస్టారు జిల్లాకి రాశారు. తేలేదాకా మూడు కాలాలూ ఒప్పుకోమన్నారు, ఆ మాట అనడానికి ఆయనకి చెమటలు పట్టాయి. ఎనిమిదో రోజున జవాబొచ్చింది. "భవిష్యత్కాలము అనుమతించబడినది." దాంతోపాటు నమూనా వాక్యం కూడా పంపారు. నేను అన్నమును తినెదను. పిల్లలందరూ అదే బట్టీ పట్టారు. అర్థం తెలియకపోయినా అన్నం వస్తోంది, ఇంకేం కావాలి.

వరహాలుకి మాత్రం ఆ వారంలోనే దెబ్బ తగిలింది. ఒకటో తరగతి పిల్లాడు మిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళతో గ్లాసువంక వేలు చూపిస్తే ఇది నీళ్ళు పోసేసింది. మూడో రోజుకల్లా దాని పేరున కాగితం. "క్రియారహిత జలప్రదానమునకు గాను మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను." ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. ఆ తర్వాత దేవుడొచ్చి నిలబడినా వాక్యం చెప్పందే చెంబు వంచేది కాదు.

ఇంక ఆ పిల్ల సంగతి చెప్పాలి. లోవకుమారి, నాలుగో తరగతి. తల్లి నూకరత్నం రొయ్యల షెడ్డులో పని చేస్తుంది, తెల్లారి ఐదింటికల్లా వ్యాను ఎక్కాలి. పిల్లకి పొద్దున టీ నీళ్ళు, మధ్యాహ్నం నా చేతి అన్నం, మళ్ళీ తల్లి వచ్చాక రాత్రి ముద్ద. లోవకి మాట నత్తి. మూడేళ్ళలో దాని గొంతు నేను విన్నది నాలుగైదుసార్లు, అవసరం కూడా పడలేదు. చెయ్యి చూపించేది, నేను పెట్టేదాన్ని, తినేది, కంచం కడిగి నావంక చూసి తల ఊపి పోయేది. నత్తి లేనివాళ్ళు కూడా అంత బాగా చెప్పరు.

కొత్త నియమం వచ్చిన రోజున వరసలో నిలబడి, "నే... నే... నే..." అని మొదలెట్టింది. గవర్రాజుగారు చెడ్డాయన కాదు. ఈల నోట్లోంచి తీసి ఓపిగ్గానే నిలబడ్డారు. నేను అయింది. అన్నం దగ్గర పది నిముషాలు పట్టింది. తింటాను మొదలవుతుండగా గంట కొట్టారు.

మర్నాడు నేను దాన్ని వరస మొదట్లో నిలబెట్టాను. అన్నం దాకా వచ్చింది. వెనకాల పిల్లలు కాళ్ళు మార్చుకుంటున్న చప్పుడు విని, ఓసారి తిరిగి చూసి, తనంతట తనే వెళ్ళి వరస చివర్న నిలబడింది. ఎవరూ పొమ్మనలేదు.

మూడో రోజు గంట కొట్టాక దాన్ని వంటశాల వెనక్కి తీసుకుపోయి, కొంగు చాటున దాచిన కంచం ముందు పెట్టాను. చూసింది. ఆకలి కళ్ళలోనే ఉంది. కంచాన్ని నావైపు జరిపేసింది. "ఎవరూ చూడరే, తిను" అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఊపి, గోడ పట్టుకుని, మెడ నరాలు బిగిసేలా, "అ... అ... అడిగి... తిం... తింటాను" అంది. కర్త దాక్కుందిగాని, క్రియ ఉంది. అయినా పెట్టించుకోలేదు. సంచిలో గుడ్డు పెడితే తెచ్చి మళ్ళీ నా గిన్నెలో పెట్టింది. అందరూ అడిగి తింటున్నప్పుడు తనొక్కతే దొంగతనంగా తినడం ఏంటని దాని పట్టుదల. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత పౌరుషం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు, వాళ్ళమ్మమ్మ నాకు తెలుసు కాబట్టి.

రోజూ విరామంలో కట్టెల మోపు వెనక్కి పోయి కోడిపెట్టకి చెప్పుకునేది. తి, తి, తినెదను. క్రియ ఒక్కటే అయితే ఫరవాలేదు, వచ్చేస్తోంది. దాని ముందు రెండు మాటలు దాటి రావడమే కష్టం. నేను హెడ్మాస్టార్ని పట్టుకున్నాను.

"మాస్టారూ, క్రియ ముందు చెప్పేసి, మిగతావి నెమ్మదిగా తర్వాత చెప్పుకోకూడదా? మనం ఇళ్ళల్లో అలాగే మాట్లాడుకుంటాం కదండి. వస్తున్నా నేను అనట్లేదా?"

ఆయన జిల్లాకి రాశారు. ఈసారి జవాబు త్వరగానే వచ్చింది. "క్రియను ముందుగా సమర్పించు సదుపాయము ప్రస్తుతమునకు లేదు."

ఇది ఇలా ఉండగా విశేషణాల కాగితం వచ్చింది. ఒకే వాక్యం వినీ వినీ పర్యవేక్షకులకి విసుగు పుడుతోంది కాబట్టి, విశేషణం వాడినవాళ్ళకి అరగరిటె పప్పు ఎక్కువ వెయ్యాలని. ఇంకేముంది. "నేను తెల్లని అన్నమును తినెదను" అని ఒకడు మొదలెట్టాడు. "నేను కమ్మని, చక్కని, తియ్యని పప్పును తినెదను" అని ఇంకొకడు. ఐదో తరగతి పిల్లాడొకడు నిఘంటువు ముందేసుకుని, "నేను అమృతతుల్యమగు పప్పును" అని మొదలెట్టి నాలుగు గరిటెలు పట్టుకుపోయాడు. ఈ మాటలన్నీ గవర్రాజుగారు పుస్తకంలో ఎక్కించేవారు, ఆ పుస్తకం నెలాఖరున జిల్లాకి పోయేది. అక్కడ విశేషణాలు లెక్కేసి, జిల్లా మొత్తం మీద అత్యుత్తమమైన పప్పు మా బడిదేనని తేల్చి, ప్రశంసాపత్రం పంపారు. దాన్ని హెడ్మాస్టారు అద్దం కట్టించి గోడకి పెట్టారు. ఆ నెల మాకు కందిపప్పు రానేలేదు. చింతపండు చారే పోశాను.

మూడు వారాలు గడిచాయి. లోవ మధ్యాహ్నాలు బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటోందని పంతులమ్మ చెప్పింది. శుక్రవారం సాయంత్రం నూకరత్నం షెడ్డు నుంచి వచ్చి, రొయ్యల వాసనతోనే నా గుమ్మంలో కూర్చుంది. లోవ దాని వెనకాల నిలబడి గోడ సున్నం గోకుతోంది.

"సోమవారం నుంచి దీన్ని నాతో షెడ్డుకి తీసుకుపోతానత్తా" అంది నూకరత్నం.

"చదువో?"

"ఏం చదువు. మధ్యాహ్నందాకా ఆకలి, మధ్యాహ్నం నుంచి నిద్ర. అక్కడ పదకొండింటికి అన్నం పెడతారు. క్రియా, గియా అడగరు."

"ఐసు నీళ్ళలో నాని వేళ్ళు పాసిపోతాయే. నీవి చూసుకో."

అది తన వేళ్ళు చీరలో దాచుకుంది. "కడుపు మాడదు కదా" అంది.

లోవ గోకడం ఆపింది.

"రేపు ఆ పెద్దాఫీసరు బడి చూడ్డానికి వస్తున్నాడు. రేపొక్క పూట ఆగు. అడుగుతాను" అన్నాను.

"ఆఫీసరొస్తే దీనికి నత్తి పోతుందా?"

"దీనికి పోదు. ఆయనకేమైనా పోతుందేమో చూద్దాం."

శనివారం చిదంబరేశ్వరరావుగారు నలుగురు మనుషుల్ని వెంటపెట్టుకుని వచ్చారు. నిండైన మనిషి, నున్నటి తల, మాట్లాడుతుంటే ఒక్కో మాటా విడివిడిగా పేర్చి పెట్టినట్టుంటుంది. అద్దం కట్టిన ప్రశంసాపత్రం చూసి సంతోషించారు. పప్పు ఎవరు వండుతారని అడిగితే నన్ను ముందుకి తోశారు. అదే అదను అనుకున్నాను.

"బాబుగారూ, ఈ పిల్ల లోవకుమారి. మాట నత్తండి. క్రియ వచ్చేసరికి గంట కొట్టేస్తున్నారు. మూడు వారాలుగా తినట్లేదు. దీనికొక్కదానికి..."

"అమ్మా" అన్నారాయన, చాలా మృదువుగా. "మీ దయార్ద్ర హృదయమును మేము అభినందించుచున్నాము. కాని, నియమమునకు మినహాయింపును ఇచ్చినచో నియమము ఎచట నిలుచును? బాలిక అభ్యాసము చేయవలెను. అభ్యాసమున సమస్తమును సాధ్యమగును."

లోవ ఇదంతా విని, వెళ్ళి బంతి చివర్న తన ఖాళీ కంచం ముందు కూర్చుంది. గుమ్మం అవతల నూకరత్నం నిలబడుంది. ఆ రోజు సగం కూలి వదులుకుని వచ్చింది.

ఆఫీసరుగారు పిల్లలతో పాటు నేల మీదే కూర్చుంటానన్నారు. అది మాత్రం గొప్పే. విస్తరి వేశాం. కూర్చుని, అందరికీ వినిపించేలా, "నియమము మాకును వర్తించును. ఎవ్వరును సంకోచింపరాదు. అవసరమైనచో మాకును ఈల ఊదవలెను" అని గవర్రాజుగారితో అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ రోజు వేడన్నం, నిజంగానే కందిపప్పుతో ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ పులుసు. ఆయన గొంతు సవరించుకుని, "ప్రత్యేకాధికారినైన నేను శ్వేతకాంతులతో విరాజిల్లు అన్నమును భుజించెదను" అన్నారు. తప్పు పట్టడానికి వీల్లేదు. విశేషణాల ప్రకారం ఎంత వెయ్యాలో అంతా వేశాను. ఆయన ఆవకాయ కలుపుకుని, ఒక ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇంకో పెద్ద ముద్ద పెట్టుకున్నారు. నేను మారు అన్నం తీసుకుని వచ్చాను.

ఆయన చెయ్యి విస్తరి మీద బోర్లా పరిచారు.

నా గరిటె దానంతట అదే ఆగింది, ఇన్నేళ్ళ అలవాటు మరి. అంతలో విరమణకును అన్న మాట గుర్తొచ్చింది. గవర్రాజుగారివంక చూశాను. ఆయన ఈల నోట్లో పెట్టుకుని, వాక్యం రాలేదన్నట్టు తల ఊపారు. వడ్డించాను. చెయ్యి ఉన్నచోట వదిలేసి చుట్టూ పెట్టాను.

ఆయన రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టారు. దాని చుట్టూ పెట్టాను. "మ్మ్, మ్మ్" అన్నారు. ఈల మోగింది. ఆయన ఈలవంక కోపంగా చూశారు, గవర్రాజుగారు ఇంకా గట్టిగా ఊదారు, చెప్పిన మాట నిలబెట్టుకోవాలి కదా. అన్నం గోదారి గట్టులా లేచింది. ఇంక లాభం లేదని ఆయన వాక్యం చెప్పడానికి సిద్ధపడి, ముద్ద గబగబా మింగి "నేను" అన్నారు. అంతే. ఆవకాయ కారం అడ్డం పడి పొలమారింది.

తల ఎర్రబడిపోయింది. దగ్గు మీద దగ్గు, కళ్ళమ్మట నీళ్ళు. గ్లాసువంక వేలు ఆడించారు. గ్లాసు ఖాళీ. అడగందే పొయ్యకూడదు కాబట్టి వరహాలు పొయ్యలేదు. అది చెంబు పట్టుకుని ఆయన పక్కనే నిలబడింది. ఒక చెయ్యి చెంబు మీద, ఒక చెయ్యి జాకెట్లో కాగితం మీద.

"బాబుగారూ, వాక్యం చెప్పండి బాబూ, పోసేస్తాను" అని ఏడుపు గొంతుతో బతిమాలింది.

పక్కనున్న ఉద్యోగి ఆయన చెవిలో, "సార్, నేను అయిపోయింది సార్. ఇంక నీటిని అనండి, నీటిని" అన్నాడు. అవతలాయన, "కర్మ వస్తే చాలు, క్రియ నేను అందిస్తాను సార్" అన్నాడు. "పరుల క్రియ చెల్లదండి" అన్నారు గవర్రాజుగారు, ఆయన కూడా ఏడుపు మొహంతోనే. హెడ్మాస్టారు కాగితాల దస్త్రం తిరగేస్తున్నారు, పొలమారుట అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని. నా రెండు చేతుల్లో వేడన్నం డేక్సా. దాన్ని కింద పెట్టేలోగా, బంతి చివర్నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చారు.

లోవ. వరహాలు చేతిలో చెంబు లాక్కుంది. గ్లాసు నింపింది. ఆయన చేతికి ఇచ్చి, రెండో చేత్తో ఆయన నున్నటి నడినెత్తి మీద టపటపా తట్టింది, వాళ్ళమ్మ తనకి తట్టినట్టే. ఆయన తాగారు. మళ్ళీ పోసింది. మళ్ళీ తాగారు. ఒక్క మాట లేదు అటూ ఇటూ.

గవర్రాజుగారి నోట్లోంచి ఈల జారి గుండీల దగ్గర వేలాడింది. ఆఫీసరుగారు కళ్ళు తుడుచుకుని, "నీ పేరేమి?" అన్నారు.

"లో... లో..."

ఆయన ఆగారు. పూర్తయ్యేదాకా ఆగారు. తర్వాత బంతి చివర్న దాని ఖాళీ కంచంవంక చూశారు. కళ్ళు మళ్ళీ తుడుచుకున్నారు, కారం వల్లే అనుకుంటాను.

అప్పుడు నోటు పుస్తకం పట్టుకున్న గుమాస్తా సందేహంగా ముందుకొచ్చాడు. "సార్, ఇది క్రియారహిత జలప్రదానం కిందికి వస్తుంది. ఎవరి పేరున రాయమంటారు? ఇచ్చిన అమ్మాయి పేరునా, పుచ్చుకున్న తమరి పేరునా?"

నూకరత్నం గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. పిల్ల చెయ్యి పట్టుకుంది, లాక్కుపోవడానికే. నేను డేక్సా కింద పెట్టి, గుమాస్తాకి అడ్డంగా నిలబడ్డాను.

"రాసేముందు ఒక్క మాట బాబూ. అయ్యగారు వేలు చూపించారు కదా. వేలు ఏ భాషాభాగమండి?"

గుమాస్తా నోటు పుస్తకంలో పేజీలు వెనక్కి తిరగేశాడు.

"శిక్షణలో పంతులమ్మ చెప్పింది. ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా, ఒకరికైనా పదిమందికైనా మారనిది అవ్యయం అని. ఈ వేలు కూడా మారదండి. అయ్యగారు చూపించినా ఇదే, ఈ పిల్ల చూపించినా ఇదే. మా అత్తగారి రోజుల్లోనూ ఇదే."

ఆఫీసరుగారు తన వేలివంక చూసుకున్నారు. ఆయన మొహంలో వెలుగు రావడం నా కళ్ళారా చూశాను. తప్పించుకునే దారి దొరికిన వెలుగనుకున్నాను మొదట. కాదు, కొత్త కాగితం పుడుతున్న వెలుగు.

"హస్తావ్యయము" అన్నారు. "ఇంతవరకును శాస్త్రమున గుర్తింపబడనిది. వ్రాసికొనుము. దాహ సందర్భమున చేయబడు సైగను హస్తావ్యయముగా పరిగణించి, సంపూర్ణ వాక్యముతో సమానముగా స్వీకరించవలెను."

"ఆకలికి కూడా బాబూ" అన్నాను.

"ఆకలి సందర్భమునను."

"చాలు అన్నదానికి కూడా రాయించండి."

ఆయన తన విస్తరిలో గట్టువంక చూసుకున్నారు. "ముఖ్యముగా దానికి" అన్నారు.

చెయ్యి కడుక్కుని వచ్చి సంతకం పెడతానన్నారు. నేను ఒప్పుకోలేదు. చెయ్యి కడుక్కుంటే మనసు మారిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. పప్పు చేత్తోనే పెట్టించాను. ఆ కాగితం మీద ఆయన సంతకం కంటే బొటనవేలి పసుపే బాగా కనిపిస్తుంది.

లోవ, తల్లి పట్టులోంచి చెయ్యి విడిపించుకుని వెళ్ళి, కంచం ముందు కూర్చుంది. అరచెయ్యి దొన్నెలా వంచింది. గవర్రాజుగారు మొహం అవతలికి తిప్పుకున్నారు. నేను అన్నం పెట్టి, పులుసు పోశాను. మూడు వారాల తర్వాత తింటూ కూడా అది తొందరపడలేదు. నూకరత్నం గోడకి ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. సోమవారం వ్యాను నూకరత్నాన్ని ఒక్కదాన్నే ఎక్కించుకుని పోయింది.

ఇప్పుడు మళ్ళీ నూట నలభై మందికీ అరగంటలో పెట్టేస్తున్నాం. హస్తావ్యయ వినియోగంలో జిల్లాకి మొదటి స్థానం వచ్చిందని రెండో ప్రశంసాపత్రం వచ్చింది, అది కూడా అద్దం కట్టించి మొదటిదాని పక్కన పెట్టారు. వడ్డించేవాళ్ళకి కొత్త విషయం తెలియాలని మళ్ళీ రెండు రోజులు శిక్షణకి పిలిచారు. చెయ్యి బోర్లా పరిస్తే చాలని అర్థమట. శ్రద్ధగా విన్నాను. పత్రం కూడా ఇచ్చారు.

మొన్నొకరోజు పప్పు బాగా కుదిరింది. లోవ తినడం సగంలో ఆపి, చెయ్యి చూపించకుండా, నన్ను పిలిచింది. "మా... మామ్మా" అంది. ఆగింది. "ఇం... ఇం... ఇంకా..." నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. మారు అన్నానికి నిలబడ్డ పిల్లలు ఎవరూ కాళ్ళు మార్చుకోలేదు. గంట వేళయింది, గవర్రాజుగారు తాడు పట్టుకుని ఊరికే నిలబడ్డారు. "ఇంకాస్త" అంది లోవ.

అంతే, అక్కడితో అయిపోయింది. కర్త లేదు, క్రియ లేదు. రెండు గరిటెలు వేశాను.